కుందేలుకో ఆకుమడి

ఇంట్లో కుందేలుంటే మిద్దె మీద ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి, దేన్ని దాని దరిదాపులకు రానివ్వకూడదు?

రెండు కిలోల కుందేలుకు రోజూ దాని ఒళ్లంత గడ్డి కుప్ప కావాలి. దానిపైన రెండు మూడు గుప్పెళ్ల ఆకులు. కొనేటప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు. పంజరంలో ముడుచుకు కూచున్న తెల్లపిల్లను మన పిల్లలు చూస్తారు, మనం మన పిల్లల మొహాలు చూస్తాం, బేరం కుదిరిపోతుంది. ఇంటికి తెచ్చిన కొద్దిరోజులకు గానీ సంగతి అర్థం కాదు. పొద్దున ఒక కట్ట కొత్తిమీర, సాయంత్రం ఒక కట్ట పాలకూర, మధ్యలో క్యారెట్ ముక్కలు. ముసురు పట్టి కూరలబండి రాకపోతే ఇల్లంతా కంగారు. చాలా ఇళ్లలో బాల్కనీలోకి మొదటి తొట్టి వచ్చేది ఆ కంగారులోంచే. హైదరాబాద్‌లో మా మిద్దె మీదికీ అలాగే వచ్చింది. ఇప్పుడక్కడ మా వంటింటి కోసం వేసినవి తక్కువ, మా అమ్మాయి పెంచుకునే బంటిగాడి కోసం వేసినవి ఎక్కువ.

మన కూరమడిని కాస్త పెద్దది చేస్తే కుందేలుకూ సరిపోతుందని అందరూ అనుకుంటారు. సరిపోదు. దాని మడి లెక్కే వేరు. మనం కలుపని పీకి పారేసే గరిక దానికి అసలు పంట. మనం ఇష్టంగా వండుకునే పాలకూర దానికి ఎప్పుడైనా ఒక ఆకు. ముల్లంగిలో దుంప మనది, ఆకు దానిది. కాలీఫ్లవర్‌లో పువ్వు మనది, చుట్టూ ఉన్న డిప్పలు దానివి. వంటింట్లో చెత్తబుట్టలోకి పోయేవాటిలో సగం దాని పళ్లెంలోకి పోవలసినవే.

పళ్లను చూసి పంట వేయాలి

కుందేలు నోట్లో 28 పళ్లుంటాయి. అవన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లయితే ఏడాదికి పది సెంటీమీటర్ల పైనే పెరుగుతాయి. వాటిని అరగదీసేది గడ్డి. గడ్డిపోచలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది. దాన్ని నలగ్గొట్టడానికి కుందేలు దవడను అటూ ఇటూ గంటల తరబడి ఆడిస్తుంది. క్యారెట్ ముక్క ఎంత గట్టిగా ఉన్నా పుటుక్కున కొరికి మింగేయడమే తప్ప ఆ తిరగలి పని జరగదు. గడ్డి లేక మెత్తటి మేత మీద పెరిగిన కుందేలుకు వెనక పళ్లు ముళ్లలా మొలిచి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. అప్పుడది ఆకలితో పళ్లెం దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి పోతుంది. అలకనుకుని మనం ఊరుకుంటాం.

పొట్ట వ్యవహారం ఇంకా చిత్రం. ఆవుకు నెమరు ఉంది, కుందేలుకు లేదు. బదులుగా చిన్నపేగు చివర సీకం అనే పెద్ద సంచి ఉంటుంది. నారంతా వేరుపడి గుండ్రటి పొడి పెంటికలుగా బయటికి వచ్చేస్తుంది, మిగిలిన సారం ఆ సంచిలో పులుస్తుంది. అలా పులిసి తయారైన మెత్తటి గుళికల్ని కుందేలు నేరుగా నోటితో అందుకుని మళ్లీ తింటుంది. బి విటమిన్లూ మాంసకృత్తులూ దానికి అలా అందుతాయి. ఇది చూసి మొహం చిట్లించే వాళ్లున్నారు. దానికది మందు లాంటిది, ఆపకూడదు.

ఈ యంత్రం నడవాలంటే నార లోపలికి వెళ్తూనే ఉండాలి. నార తగ్గి చక్కెర, పిండిపదార్థం ఎక్కువైతే పులియబెట్టే సూక్ష్మజీవుల తీరు మారిపోతుంది, గ్యాసు పడుతుంది, పేగు కదలిక ఆగుతుంది. కుందేలుకు వాంతి కూడా రాదు, లోపలికి పోయింది ముందుకే పోవాలి. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా మూలన కూచుందంటే రేపు చూద్దాంలే అనుకునే వ్యవధి లేదు, ఆ పూటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అన్నం, రొట్టె, బిస్కెట్, అరటిపండు ప్రేమగా తినిపించే ఇళ్లలోనే ఈ ముప్పు ఎక్కువ.

ఇంత చెప్పినా, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, క్యారెట్ మాత్రం మానరు. ఆ క్యారెట్ మన బుర్రలోకి ఎక్కించింది సినిమా. 1940లో వచ్చిన ‘ఎ వైల్డ్ హేర్’ కార్టూన్‌లో బగ్స్ బనీ క్యారెట్ నములుతూ కబుర్లు చెబుతుంది. అది 1934 నాటి ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ సినిమాలో క్లార్క్ గేబుల్ క్యారెట్ కొరుకుతూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే దృశ్యానికి వెక్కిరింత. వెక్కిరింత మరుగున పడింది, క్యారెట్ మిగిలిపోయింది. కుందేళ్లను స్వయంగా పెంచిన బియాట్రిక్స్ పాటర్‌కు వాటి రుచులు బాగా తెలుసు. 1902లో పుస్తకంగా వచ్చిన ఆమె పీటర్ రాబిట్ పక్కవాడి తోటలో దూరి తిన్నది లెట్యూస్, చిక్కుళ్లు, ముల్లంగి. బొమ్మలో దాని చేతిలో ఉన్నవి చూసి చాలామంది క్యారెట్లనుకుంటారు, కథలో అవి ముల్లంగులే. క్యారెట్ దుంప దానికి మిఠాయి కింద లెక్క, వారానికి రెండు మూడు చిన్న ముక్కలు చాలు. క్యారెట్ ఆకు మాత్రం పెట్టవచ్చు. ఆ ఆకే మార్కెట్లో తెంపేసి అమ్ముతారు.

గరికతో మొదలు

కుందేళ్లవాళ్లు తరచూ చెప్పే తిమోతి గడ్డి చల్లటి దేశాలది. ఇక్కడ దొరికేది దిగుమతి సరుకు, కిలో వందల రూపాయల్లో ఉంటుంది. అది కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. మన నేలకు మన గడ్డి ఉంది. గరిక కుందేలుకు ఎంతైనా పెట్టవచ్చు, ఎండాకాలం మాడినట్టు కనిపించినా ఒక వాన పడితే లేస్తుంది, పోచల్లో కావలసినంత నార. రోడ్డు పక్కనుంచి పీక్కొచ్చి పెట్టడం మాత్రం వద్దు. అక్కడ కుక్కలు తిరుగుతాయి, బండ్ల పొగ పడుతుంది, ఎవరో కలుపు మందు కొట్టి ఉంటారు. వేళ్లున్న గరిక తీగలు నాలుగు తెచ్చి, వెడల్పాటి లోతు తక్కువ ట్రేలో కణుపులు మట్టిలోకి పోయేలా పరిస్తే చాలు. పండ్ల క్రేట్‌లో గోనెపట్టా పరిచినా ట్రే అయిపోతుంది. నెల తిరిగేలోపు అల్లుకుంటుంది. పీకకుండా కత్తెరతో రెండంగుళాలు వదిలి కోయాలి. ఒక ట్రే కోస్తుంటే ఇంకొకటి పెరుగుతుండాలి.

నాలుగైదు ట్రేల గరికతో కుందేలు పూర్తిగా బతకదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. దాని ఒళ్లంత గడ్డి రోజూ మిద్దె మీదే పండించాలంటే మిద్దె చాలదు. వానాకాలంలో ఊరినుంచో, తెలిసినవాళ్ల ఖాళీ స్థలం నుంచో శుభ్రమైన గడ్డి తెచ్చుకుని ఎండబెట్టుకోవడమే దారి. గడ్డి పూతకు వచ్చేముందు కోయాలి. గాలి ఆడే నీడలో పల్చగా పరిచి, పూటకోసారి తిరగేయాలి. చేత్తో నలిపితే గలగలమనాలి, రంగు పచ్చగానే ఉండాలి. తడి ఆరకముందే సంచిలో కుక్కితే బూజు పడుతుంది, బూజు గడ్డి పెట్టేకంటే పస్తుంచడం నయం అనిపిస్తుంది గానీ కుందేలుకు పస్తు కూడా కుదరదు. పచ్చిగడ్డిని కోసి కుప్ప వేసి ఉంచినా ప్రమాదమే. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, అంటే పులవడం మొదలైంది. పార్కుల్లో యంత్రంతో కత్తిరించి పోగేసిన గడ్డిని అందుకే ముట్టుకోకూడదు. వరిగడ్డిలో సారం తక్కువ, దాన్ని పడక కింద పరవండి.

నగరంలో గడ్డి మోపులుగా అమ్ముతారుగా అనవచ్చు. హైదరాబాద్‌లో గేదెలకు అమ్మే పచ్చగడ్డిలో చాలాభాగం మూసీ ఒడ్డున పీర్జాదిగూడ వైపు పెరిగే పారా గడ్డి. నగరం వదిలిన మురుగునీరే దానికి పారకం. మా కుందేలుకు నేనది పెట్టను. ఆకుకూరల కట్టలతోనూ ఇదే పేచీ, అవి ఏ నీళ్లతో పెరిగాయో, పురుగుమందు కొట్టి ఎన్నాళ్లయిందో కట్టను చూసి చెప్పలేం. రెండు కిలోల ప్రాణికి మందు ఏ కొంచెం అంటినా ఎక్కువే. సొంత మడి వేయడానికి డబ్బు ఆదా ఒక కారణమైతే ఇది అంతకన్నా పెద్ద కారణం.

తొట్టి తర్వాత తొట్టి

గడ్డి తర్వాతే ఆకులు. కొత్తిమీర, పుదీనా, మెంతి, ముల్లంగాకు, తులసి, సోయకూర, చిలగడదుంప తీగ, మల్బరీ ఆకు కుందేళ్లు ఇష్టంగా తింటాయి. రోజూ ఒకే ఆకు పెట్టకుండా రెండు మూడు రకాలు కలిపి, మార్చి మార్చి పెట్టాలి. కొత్త ఆకును మొదటిసారి రెండు రెమ్మలే ఇచ్చి మర్నాడు పెంటికలు చూడాలి. గుండ్రంగా, పొడిగా, గడ్డిరంగులో ఉంటే మోతాదు పెంచవచ్చు. మెత్తబడితే ఆ ఆకు ఆపి గడ్డి మీద ఉంచాలి. కుందేలు పిల్లలకైతే మరీ కొంచెం కొంచెంగా.

కొత్తిమీరకు ధనియాలు వంటింటి డబ్బాలోవే చాలు, పాతబడనివి కావాలంతే. ఒక్కో గింజలో రెండు బద్దలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే విడిపోతాయి, పిండి కాకూడదు. రాత్రంతా నానబెట్టి, ఆరంగుళాల లోతు తొట్టిలో చాళ్లుగా చల్లి, పైన పల్చగా మట్టి చల్లి, తడి గోనెసంచి కప్పాలి. మొలక వారం పది రోజులు తీసుకుంటుంది. ఈ లోపల గింజ చచ్చిందనుకుని మట్టి తిరగేసేవాళ్లే ఎక్కువ. మొలక కనిపించిన రోజే గోనె తీసేయాలి. నలభై రోజులకు కోతకు వస్తుంది. మెంతులకు ఈ తతంగం లేదు. పోపులపెట్టెలోంచి గుప్పెడు తీసి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజులకు మొలుస్తాయి, మూడు వారాలకు కత్తెర పడుతుంది. పుదీనాకు విత్తనంతో పనే లేదు, కట్టలో గట్టి కాడలు ఏరి ఆకులు తుంచి గుచ్చితే బతుకుతాయి. దానికి వేరే తొట్టి ఇవ్వాలి, లేకపోతే పక్కవాటిని తొక్కేస్తుంది.

అన్నీ ఒకే ఆదివారం చల్లితే అన్నీ ఒకే వారం కోతకు వచ్చి, ఆ తర్వాత తొట్లు ఖాళీ. కుందేలుకు వాయిదాలు తెలియవు. అందుకని వారానికో తొట్టి చల్లుకుంటూ పోవాలి. అయిదో తొట్టి చల్లేసరికి మొదటి మెంతి అయిపోయి మళ్లీ చల్లడానికి సిద్ధంగా ఉంటుంది. ఆపద్ధర్మంగా గోధుమగడ్డి ఉండనే ఉంది. గోధుమలు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక ముక్కు బయటపెట్టగానే రెండంగుళాల కొబ్బరిపొట్టు మీద చిక్కగా పరిస్తే పదిరోజుల్లో జానెడు పెరుగుతుంది. ముసురు రోజుల్లో దాని మొదళ్ల దగ్గర తెల్లటి బూజు పట్టడం మామూలే, పట్టిన ట్రేను మొహమాటం లేకుండా పారేయాలి.

పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలి కూర మన తొట్లలో సులువుగా పెరుగుతాయి కాబట్టి వాటినే రోజూ పెట్టాలనిపిస్తుంది. వాటిల్లో ఆక్సలేట్లు ఎక్కువ. వారానికి ఒకటి రెండుసార్లు, మిగతా ఆకుల్లో కలిపి పెడితే ఇబ్బంది లేదు, అవే మేతగా మారితే మూత్రపిండాల మీద పడుతుంది. మునగాకుతో ఇంకో సంగతి, అందులో కాల్షియం ఎక్కువ. మన ఒంటికి ఎంత కాల్షియం కావాలో అంతే తీసుకునే కట్టుబాటు ఉంది. కుందేలు పేగు తిన్న కాల్షియంలో చాలాభాగం తీసేసుకుని, ఎక్కువైంది మూత్రంలో వదులుతుంది. దాని మూత్రం సున్నపునీళ్లలా కనిపించడానికి కారణం అదే. ఎక్కువైతే మూత్రాశయంలో బురదలా పేరుకుంటుంది. మునగాకు, లూసర్న్ గడ్డి పెరిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు మంచివి. పెద్ద కుందేలుకు ఒక రెమ్మతో ఆపాలి. మూత్రం నారింజ రంగులోకి తిరిగితే మాత్రం రక్తమని గాభరా పడకండి. కొన్ని ఆకుల్లోని రంగుపదార్థాల వల్ల అలా అవుతుంది. రెండు మూడు రోజులకీ తగ్గకపోతే, మూత్రానికి ముక్కుతూ ఇబ్బంది పడుతుంటే చూపించాలి.

మడిలో లేనిదాన్ని బజారు ఊరికే ఇస్తుంది. రైతుబజారులో పొద్దున్నే వెళ్తే ముల్లంగి, కాలీఫ్లవర్ అమ్మేవాళ్ల వెనక ఆకుల కుప్ప ఉంటుంది. నేను ఏరుకుంటుంటే ఒక పెద్దమ్మ అడిగింది, “గవన్నీ ఏం జేస్కుంటవ్ బిడ్డా?” అని. కుందేలుకని చెప్పాను. “గట్లనా! మరి గా పండుబారినయి ఎందుకేరుతున్నవ్, ఇగో గీ లేతయి తీస్కపో. పైసలొద్దు గని, దాన్ని కోసుకోని తినకుర్రి” అంది. మందు అనుమానం ఇక్కడా ఉంటుంది. తెచ్చినవాటిని నీళ్లలో కాసేపు ఉంచి, రెండుసార్లు కడిగి పెడుతున్నాను. తడి ఆకు తింటే కుందేలు చచ్చిపోతుందని కొందరు భయపెడతారు, కడిగిన నీటితడి వల్ల ఏమీ కాదు. కుళ్లినవి, వడిలి వెచ్చబడ్డవి పెడితేనే ముప్పు.

ఎండాకాలం గండం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడ్డిదే రాజ్యం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కొత్తిమీర, మెంతి, ముల్లంగి, క్యారెట్, లెట్యూస్, ఏది చల్లితే అది వస్తుంది. లెట్యూస్‌లో పొడుగాకు రకం వేయాలి, గుండ్రంగా ముడుచుకునే ఐస్‌బర్గ్‌లో నీళ్లే తప్ప ఏమీ లేదు. ఫిబ్రవరి దాటితే మిద్దె పెనం. కొత్తిమీర బెత్తెడు కూడా పెరగకుండానే పూతకొస్తుంది. దానితో కుస్తీ పట్టడం దండగని నా అభిప్రాయం. ఆ మూడు నెలలూ మల్బరీ, చిలగడదుంప తీగ, గ్రీన్‌నెట్ నీడలో పుదీనా, గరిక ఆదుకుంటాయి. మల్బరీని హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో పట్టుపురుగుల కోసం పండిస్తారు. పెన్సిలంత లావు కొమ్మ ఒకటి తెచ్చి పాత పెయింట్ డ్రమ్ములో గుచ్చితే నాటుకుంటుంది, నడుమెత్తున కత్తిరిస్తుంటే గుబురుగా చిగురిస్తుంది. చిలగడదుంపకైతే మొలకలొచ్చిన దుంప ముక్కైనా చాలు, తీగ పిట్టగోడ మీదుగా పాకుతుంది. అది ఆలుగడ్డ జాతి కాదు, కాబట్టి ఆకు నిశ్చింతగా పెట్టవచ్చు. అసలు ఆలుగడ్డ ఆకు, టమాటా ఆకు మాత్రం విషం.

మేత దొరికినా కుందేలుకు ఎండే శత్రువు. దానికి చెమట పట్టదు, వేడి పోయేది చాలావరకు చెవుల్లోని రక్తనాళాల గుండానే. ముప్పై డిగ్రీలు దాటితే అవస్థ మొదలు, హైదరాబాద్, విజయవాడ మే నెలల సంగతి చెప్పేదేముంది. మిద్దె మీద బోనులో ఉంచి ‘నీడ ఉందిగా’ అనుకోవడం ప్రాణం తీయడమే. దాన్ని కింద చల్లటి గచ్చు మీద ఉంచి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్లసీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. మడి మిద్దె మీద, మేసేవాడు ఇంట్లో. ఎటూ గద్దలూ పిల్లులూ కోతులూ ఉన్నాయి కాబట్టి చలికాలంలోనైనా పక్కన మనిషి లేకుండా దాన్ని మిద్దె మీద వదలకూడదు. వదిలితే అది నెల రోజుల పంటను ఒక పూటలో కోస్తుంది, అదీ సరిగ్గా మొదలంటా.

పత్రిలో దాక్కున్న విషాలు

మన ఇళ్లలో కుందేలుకు అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు వినాయక చవితి మర్నాడని నాకనిపిస్తుంది. పూజయ్యాక బోలెడు పత్రి మిగులుతుంది, పచ్చగా ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు. ఇరవై ఒక్క పత్రిలో గరిక ఉంది, తులసి ఉంది, రేగు ఉంది. ఆ పక్కనే దత్తూర పేరుతో ఉమ్మెత్త, కరవీర పేరుతో గన్నేరు, అర్క పేరుతో జిల్లేడు ఉన్నాయి. మూడూ విషాలే, గన్నేరైతే గుండె మీద దెబ్బ కొడుతుంది. పత్రిలోంచి గరిక ఏరి తొట్టిలో నాటుకోండి, కలగాపులగంగా ఉన్న కట్టను మాత్రం కుందేలు ముందు పడేయకండి.

మిగతా జాబితా కూడా ఇంటి చుట్టూ ఉన్నదే. ఆముదం, వయ్యారిభామ, లాంటానా, చేమాకు, కలబంద. డ్రాయింగ్ రూములో ముచ్చటగా పెట్టుకునే మనీప్లాంటు, డంబ్‌కేన్ నోరు మండించి వాచేలా చేస్తాయి. ఉల్లికాడలు, వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు. సుబాబుల్ ఎక్కువ మేపితే బొచ్చు రాలుతుంది. లేత జొన్న పైరు మేసి పశువులు చచ్చిపోవడం రైతులందరికీ తెలిసిందే, కుందేలుకూ అది పనికిరాదు.

పొలం గట్టున దొరికిందని చెవులపిల్లిని ఇంటికి తెచ్చి ఇవే ఆకులు పెట్టేవాళ్లకు ఒక మాట. అది వేరే జాతి. మన పెంపుడు కుందేళ్ల మూలం స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు బొరియల కుందేలు. మన పొలాల్లో గెంతేది బొరియలు తవ్వని, మనిషి దగ్గర నిలవని అడవి ప్రాణి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, పెంచడం నేరం.

బాకీ తీర్చే పెంటికలు

కుందేలు రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది. మొదట్లో చిరాకు పుట్టించే ఈ లెక్క, మడి వేసినవాళ్లకు ఆదాయం. పశువుల పేడను మాగబెట్టాలి, కోళ్ల పెంటను ఇంకా ఎక్కువ మాగబెట్టాలి, లేకపోతే మొక్క మాడుతుంది. కుందేలు పెంటికలు నేరుగా మట్టిలో కలిపినా వేరు కాలదు. నత్రజని పేడలో కన్నా ఎక్కువ. మల్బరీ, మునగ మొదళ్లలో అలాగే చల్లేయవచ్చు. కత్తిరించి నేరుగా తినే కొత్తిమీర, మెంతి తొట్లకు మాత్రం ఎండబెట్టి, కంపోస్టులో వేసి, విత్తేముందే మట్టిలో కలపడం శుభ్రం. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, ఈ ఎరువు సమపాళ్లలో కలిపితే తొట్టి తేలిగ్గా ఉంటుంది, మిద్దె మీద బరువు పడదు. మూత్రం పడ్డ గడ్డిలో అమ్మోనియా ఘాటు ఉంటుంది, అది కంపోస్టు గుంతలోకి పోవలసిందే.

ఊరెళ్లాలంటేనే చిక్కు. కుక్కను తీసుకెళ్లవచ్చు, పిల్లికి పొడి మేత పెట్టి వెళ్లవచ్చు, కుందేలుకు మాత్రం పూటపూటా గడ్డి వేసే మనిషి కావాలి. మొన్న మేం ఊరెళ్తూ పక్కింటి అక్కయ్యగారికి తాళం చెవి ఇచ్చి, ఏ పూట ఏం వేయాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. తిరిగొచ్చేసరికి బంటిగాడు భేషుగ్గా ఉన్నాడు, గడ్డి చెప్పినట్టే వేశారు, నీళ్లు మార్చారు. మెంతి తొట్టి మాత్రం బోసిగా ఉంది. “అంత లేతగా ఉంటే చూస్తూ ఎలా ఊరుకోమంటారండీ, పప్పులో వేశాను, మీక్కూడా గిన్నెలో తీసి ఉంచాను” అన్నారావిడ.